తర్వాత వచ్చేది మండవల్లి



మన పల్లెవెలుగు బస్సు ఎక్కితే చదువుకోవడానికి బోలెడంత ఉంటుంది. డ్రైవరు వెనక పలక మీద, కిటికీల పైన రేకు మీద, మెట్ల పక్కన, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఏదో ఒకటి రాసి ఉంటారు. ఈ సీట్లు స్త్రీలకు, ఆ సీట్లు వికలాంగులకు. పొగ తాగరాదు. చేతులు, తల బయట పెట్టరాదు. టికెట్టుకు సరిపడా చిల్లర ఇచ్చి సహకరించండి. ప్రయాణికుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అన్నీ ఉంటాయి. బస్సు ఇప్పుడు ఎక్కడుందో, ముందు వచ్చేది ఏ ఊరో మాత్రం ఎక్కడా ఉండదు.

ఉన్నా, చూపు లేని మనిషికి ఆ రాత అక్కరకు రాదు. అందుకే కైకలూరు బస్టాండులో గుడివాడ బస్సెక్కిన పెద్దాయన, చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, ముందు సీటు కమ్మీ పట్టుకుని, కూర్చోగానే అనే మొదటి మాట ఇది: “కండక్టరు గారూ, మండవల్లి వస్తే కాస్త కేకెయ్యండి బాబూ.” “అలాగేలెండి తాతగారూ, నే చెప్తాగా” అంటూ కండక్టరు వెనక్కి వెళ్తాడు. చాలావరకు చెప్తాడు కూడా. కానీ ఒక్కోసారి వెనక సీట్ల దగ్గర చిల్లర తగాదాలో ఇరుక్కుంటాడు. “నేను చెప్తాలెండి” అన్న పక్క సీటు కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మరో లోకంలో ఉంటాడు. బస్సు ఆగుతుంది, కదులుతుంది. కాసేపటికి పెద్దాయనకి అనుమానం వచ్చి, “మండవల్లి దాటిందా?” అని ఎవరినని కాకుండా అడుగుతాడు. “అయ్యో, ఇందాకే పోయింది కదండీ!” అని నాలుగు గొంతులు ఒక్కసారే పలుకుతాయి. అంతవరకూ ఆ నాలుగు గొంతులూ ఎక్కడికి పోయాయో!

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఈ సంగతి గురించే. బస్సులో వచ్చే స్టాపు పేరు ముందుగా, అందరికీ వినపడేటట్టు చెప్పడం. హైదరాబాదులో మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైంది. అందులో తెలుగు, ఇంగ్లీషు, హిందీ భాషల్లో వచ్చే స్టేషను పేరు చెప్తారు. అది నగరం వ్యవహారం, మన పల్లెటూరి బస్సులకి ఎందుకులే అనుకుంటాం. నాకైతే మెట్రో కన్నా మన కొల్లేటి దారుల్లోనే దాని అవసరం ఎక్కువనిపిస్తుంది.

మెట్రో ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే చాలు, మనం దిగేది ఎన్నోదో తెలిసిపోతుంది. పల్లెవెలుగు అలా కాదు. దిగేవాళ్లుంటే ఆగుతుంది, ఎవరైనా చెయ్యెత్తితే ఆగుతుంది, ఎవరూ లేకపోతే స్టాపు పక్కనుంచే దూసుకుపోతుంది. నిన్న ఆరు చోట్ల ఆగిన బస్సు ఇవాళ పది చోట్ల ఆగొచ్చు. లెక్క కుదరదు.

పోనీ కళ్లున్నవాళ్లకైనా దారి తెలుస్తుందా? మండవల్లి, కైకలూరు మండలాల్లో రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులే. గట్టు, నీళ్లు, మళ్లీ గట్టు. మేత బస్తాలు పేర్చిన షెడ్డు, కాపలావాడి పాక, ఇంకో గట్టు. ఏ చెరువు చూసినా ఒకటే. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన మనిషి కిటికీలోంచి ఎంత చూసినా తానెక్కడున్నదీ పోల్చుకోలేడు. ఇక వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. జల్లు మొదలవగానే కిటికీల షట్టర్లన్నీ టపటపా దించేస్తారు. లోపల చీకటి, ఉక్కపోత, తడిసిన బట్టల వాసన. నలభై మందిలో బయట ఏముందో తెలిసినవాడు డ్రైవరు ఒక్కడే. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున కొల్లేటి మీద మంచు కమ్మినప్పుడైతే ఆయనకీ అంతంత మాత్రమే. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్లలో సగం మంది ప్రతి స్టాపులోనూ మెడలు చాచి “ఇదేనా, ఇదేనా” అంటూనే ఉంటారు. స్టాపు పేరు పలికితే ఉపయోగపడేది చూపు లేనివాళ్లకు మాత్రమే అనుకుంటే పొరపాటు. శుక్లాలు ముదిరిన మామ్మగారికి, అక్షరం రాని కూలీకి, చంకలో నిద్రపోతున్న పిల్లతో ఉన్న తల్లికి, అందరికీ అది కావాలి.

అయినా చూపు లేనివాళ్ల ప్రయాణం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వాళ్లు బస్సులో ఊరికే కూర్చుంటారని అనుకుంటాం. కూర్చోరు. ఒళ్లంతా చెవులు చేసుకుని దారిని చదువుతుంటారు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు బస్సు ముక్కు లేస్తుంది, దిగేటప్పుడు కడుపులో ఓ జారుడు. రైలు గేటు దగ్గర పట్టాల మీద రెండు కుదుపులు. రైసు మిల్లు పక్కనుంచి పోతే తవుడు వాసన. చేపల లోడు లారీ ఎదురైతే తడి ఐసు వాసన, వెంటనే పోతుంది. ఊరు దగ్గరపడితే స్పీడు బ్రేకర్లు, హోటలు ముందు నూనె వాసన, గుడి మైకు. మలుపు ఎటు తిరిగిందో భుజం చెప్తుంది. ఇవన్నీ కలుపుకుని, ఇంకో మలుపు తిరిగితే మనదే అని ముందే లేచి నిలబడతారు. రోజూ తిరిగే దారి అయితే ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ రోడ్డు కొత్తగా వేసి వంతెన ఎత్తు సవరించారనుకోండి, గేటు తీసేసి కింద నుంచి దారి ఇచ్చారనుకోండి, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఆ గుర్తులు ఒక్క వేసవిలో చెల్లకుండా పోతాయి. మనకి మంచి రోడ్డు వచ్చిందని సంతోషం. వాళ్లకి మళ్లీ మొదటి నుంచి.

మండవల్లి వాళ్ల విషయంలో ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న మండవల్లి, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాతల నాటి నుంచీ జిల్లా పనంటే బందరు. గుడివాడ మీదుగా పోయే ఆ దారి ఒంటికి అలవాటైపోయింది. ఇప్పుడు సోమవారం అర్జీ పెట్టాలన్నా, కలెక్టరేటులో కాగితం కావాలన్నా ఏలూరు. అంటే కైకలూరు వెళ్లి, కొల్లేరు మీదుగా పోయే కొత్త దారి. వికలాంగుల పింఛనుకి వైకల్య పరీక్ష చేసి ఇచ్చే సదరం సర్టిఫికెట్టు ఉండాలి కాబట్టి, ఎవరికి ప్రయాణం కష్టమో వాళ్లకే ప్రయాణాలు ఎక్కువ. ఏలూరు చేరాక ఫైర్ స్టేషన్ సెంటర్లో దిగాలా, పాత బస్టాండు దగ్గర దిగాలా, కొత్త బస్టాండు దాకా పోవాలా? జిల్లా మారిందని గెజిట్లో ఒక్క పేజీలో రాసెయ్యచ్చు. దారి అలవాటు కావాలంటే ఏళ్లు పడుతుంది.

మరి కండక్టరు ఉన్నాడుగా అంటారు. నిజమే. మన బస్సుల్లో స్టాపు పేరు చెప్పడం కొత్త ఆచారమేమీ కాదు. “మండవల్లి, మండవల్లి... దిగేవాళ్లు ముందుకి రండి” అని గేటు రేకు మీద చరుస్తూ కేకేసే కండక్టర్లని మనందరం ఎరుగుదుం. ఆ కేకలో ఒక రాగం ఉండేది, ఊరు పేరులో చివరి అక్షరం సాగదీసేవాళ్లు. ఆ గొంతు ఇప్పుడు తగ్గింది. కండక్టరు మంచితనం తగ్గలేదు, పని పెరిగింది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం. చాలా మంచి పని, నేను మనసారా మెచ్చుకుంటాను. అయితే ఉచితమైనా జీరో టికెట్టు కొట్టాలి, గుర్తింపు కార్డు చూడాలి. బస్సు కిక్కిరిసి ఉంటుంది. కండక్టరు మిషను పట్టుకుని మధ్యలో ఇరుక్కుపోతాడు. వంగి కిటికీలోంచి చూస్తే తప్ప ఏ ఊరొచ్చిందో ఆయనకే తెలియదు. ఇంక కొన్ని సర్వీసుల్లో కండక్టరే ఉండడు. టికెట్టు కొట్టేదీ, బండి నడిపేదీ డ్రైవరే. రద్దీ పెరిగినకొద్దీ పెద్దాయన మాట గుర్తుంచుకునే మనిషి దొరకడం కష్టం.

స్టాపు పేరు చెప్పే ఏర్పాటు వేరే దేశాల్లో ఎలా వచ్చిందో చూస్తే ఒక విషయం నన్ను ఆకట్టుకుంది. ముందు వచ్చింది యంత్రం కాదు, హక్కు. కెనడాలోని టొరంటో నగరంలో డేవిడ్ లెపోఫ్‌స్కీ అని ఒక న్యాయవాది ఉన్నారు. ఆయనకి చూపు లేదు. ఆఫీసుకి వెళ్లడానికి నగర రవాణా సంస్థ బళ్లే ఎక్కాల్సి వచ్చేది. స్టాపుల పేర్లు చెప్పండయ్యా అని ఎన్నాళ్లో అడిగి అడిగి, మానవ హక్కుల ట్రైబ్యునల్‌కి వెళ్లారు. 2005లో భూగర్భ రైళ్ల విషయంలో గెలిచారు. బస్సుల కోసం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది, 2007లో ఆ కేసూ గెలిచారు. ప్రతి బస్సులో ప్రతి స్టాపు పేరూ చెప్పాలని తీర్పు. డ్రైవర్లు నోటితోనే చెప్పారు. బస్సులన్నింటికీ యంత్రాలు తర్వాత వచ్చాయి.

అడిగినవాళ్లకి చెప్తే చాలదా, ప్రతి స్టాపూ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. చాలదు. ఒకటి, చెప్తానన్నవాడు మర్చిపోతాడు, ఇందాక చూశాం. రెండోది ఇంకా ముఖ్యం. నా ఊరి పేరు ఒక్కటే వినపడితే, అది వచ్చేదాకా నేను చీకట్లోనే కూర్చోవాలి. వరసగా అన్ని పేర్లూ వినపడుతుంటే, ఇంకా రెండు ఊళ్లు ఉన్నాయి, సంచీ సర్దుకోవచ్చు అని తెలుస్తుంది. ఎవరి దయా అక్కర్లేకుండా తెలుస్తుంది. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల చట్టం కింద రాసిన నియమాల్లో అడగకుండా చెప్పడం, అడిగితే చెప్పడం రెండూ కలిపారు. బస్సు మారే చోట్లు, పెద్ద కూడళ్లు తప్పకుండా చెప్పాలి, మధ్యమధ్యన ప్రయాణికుడికి ఎక్కడున్నాడో తెలిసేటట్టు చెప్పాలి, ఎవరైనా అడిగితే ఏ స్టాపునైనా చెప్పాలి. బ్రిటన్‌లో 2023లో నియమాలు తెచ్చి, స్థానిక బస్సుల్లో మాటగానూ రాతగానూ వచ్చే స్టాపు తెలపాలన్నారు. 2026 అక్టోబరుకల్లా దశలవారీగా అందరూ పూర్తి చెయ్యాలని గడువు పెట్టారు.

మన దగ్గర్లోనే చూద్దాం. చెన్నైలో నగర బస్సులకి 2023 ఫిబ్రవరిలో ఈ ఏర్పాటు మొదలుపెట్టారు. ఉపగ్రహాల సంకేతాలతో బస్సు ఎక్కడుందో తెలుస్తుంది, స్టాపు దగ్గరపడుతుండగా తమిళంలో పేరు పలుకుతుంది. మైసూరులో ‘ధ్వని స్పందన’ అని ఇంకో రకం తెచ్చారు. ఐఐటీ ఢిల్లీలో తయారైన పరికరం అది. చూపు లేని ప్రయాణికుడి చేతిలో చిన్న మీట ఉంటుంది. బస్సు వచ్చి ఆగినప్పుడు నొక్కితే, బస్సుకి పెట్టిన స్పీకరు రూటు నంబరు చెప్తుంది. ఆ గొంతు వచ్చే వైపే తలుపు ఉందని కూడా తెలుస్తుంది.

చట్టం మాటకొస్తే మనకీ లోటు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రవాణా గురించి స్పష్టంగానే ఉంది. సాధ్యమైన చోట పాత వాహనాలను కూడా మార్చాలని అందులో రాశారు. రాజీవ్ రాతూరి అనే చూపు లేని వ్యక్తి 2005లో సుప్రీంకోర్టుకి వెళ్లి వేసిన కేసులో, 2024 నవంబరు 8న పెద్ద తీర్పు వచ్చింది. వీలైతే చెయ్యండి అన్నట్టు సలహాలుగా రాసుకుంటే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు ఉండాలని కోర్టు చెప్పింది. కేసు వేసిన నాటికి, తీర్పు వచ్చిన నాటికి మధ్య 19 ఏళ్లు! ఇక మన ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ప్రజా రవాణా శాఖ వాళ్లయ్యారు. కాబట్టి చట్టంలో ‘ప్రభుత్వం’ అని ఉన్నచోట వేలు నేరుగా మన బస్సు వైపే చూపిస్తోంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. వాళ్లలో సొంత కారు ఉన్నవాళ్లెందరో మీరే ఊహించుకోండి.

మరి మన పల్లెవెలుగులో ఇది జరిగే పనేనా? ఒక విచిత్రం చెప్తాను. ఆర్టీసీకి లైవ్ ట్రాక్ అని ఫోను యాప్ ఉంది. చాలా సర్వీసులు ఎక్కడున్నాయో ఇంట్లో కూర్చుని అందులో చూసుకోవచ్చు. అంటే ఆ బస్సు ఎక్కడుందో డిపోకి తెలుసు, విజయవాడలో ఫోను చూసుకుంటున్న కూతురికి తెలుసు. బస్సులో కూర్చున్న తండ్రికే తెలియదు. ఆ సమాచారాన్ని ఒక స్పీకరుకి కలపడమే మిగిలింది.

ఆ ఏర్పాటు లేని బస్సులకి కూడా దారి ఉంది. కండక్టరు చేతిలో టికెట్టు మిషను ఉంటుంది, టిమ్ అంటారు. స్టేజీ మారినప్పుడల్లా అందులో స్టేజీ మార్చాలి, లేకపోతే ఛార్జీ తప్పు వస్తుంది. అంటే తర్వాతి స్టేజీ ఏదో ఆ మిషనుకి ఎప్పుడూ తెలుసు. కండక్టరు స్టేజీ మార్చే మీట నొక్కినప్పుడే ఊరి పేరు స్పీకరులో పలికేటట్టు చేస్తే, ఆయనకి అదనంగా చెయ్యాల్సిన పనేమీ ఉండదు. స్టేజీల మధ్య వచ్చే చిన్న స్టాపులు ఇందులో రావు, ఒప్పుకుంటాను. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు అని పలికినా సగం బెంగ తీరుతుంది.

చిక్కులు లేవని కాదు. డిపోలో బస్సులు రూట్లు మారుతుంటాయి. ఇవాళ బందరు వెళ్లిన బండి రేపు ఏలూరు వెళ్తుంది. బయల్దేరే ముందు రూటు సరిగ్గా ఎంచుకోకపోతే కొల్లేటి నడిమధ్యన “తర్వాత వచ్చేది బందరు” అంటుంది. తప్పు చెప్పే యంత్రం కన్నా చెప్పని యంత్రమే నయం. మనిషి మౌనంగా ఉంటే పక్కవాణ్ని అడుగుతాం, యంత్రం ధీమాగా చెప్తే నమ్మి దిగిపోతాం. వరదల్లో ఇంకో ఇబ్బంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లన్నీ కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయన్నదే అందరి నోటా మాట. అలాంటప్పుడు బస్సుని చుట్టూ తిప్పి తీసుకుపోతారు, మిషనులో ఉన్న వరస పనికిరాదు. అప్పుడు దాని నోరు నొక్కేసి మనిషి చెప్పాలి. అందుకే యంత్రంతో పాటు చిన్న మైకు కూడా ఉండాలంటాను.

గొంతు గురించి కూడా ఒక మాట. రేడియో వాణ్ని కాబట్టి పట్టింపు ఎక్కువ అనుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లోంచి కంప్యూటరు చదివిన తెలుగు వింటే మన ఊరు మనకే పరాయిదిగా అనిపిస్తుంది. పేర్లు ఈ ప్రాంతం మనిషి చేత చదివించి రికార్డు చేయించాలి. పుస్తకంలో ఉన్న పేరొకటి, జనం పిలిచే పేరొకటి అయితే రెండూ చెప్పాలి. సినిమాహాలు మూతపడి గోడౌను అయినా ఆ సెంటరు పేరు హాలు పేరే. లాకులు ఉన్నా లేకపోయినా ‘లాకుల దగ్గర’ అనే దిగుతాం. కాగితం మీది గ్రామ పంచాయతీ పేరు పలికితే ఎవరూ లేవరు. ఇంకొకటి, స్పీకరు పెట్టారు కదా అని అందులో చీరల కొట్టు ప్రకటనలు, సినిమా పాటలు మొదలుపెట్టారో, వారం తిరక్కుండా డ్రైవరే దాని వైరు పీకేస్తాడు. పీకెయ్యాలి కూడా.

బస్సు లోపలి సంగతి ఇంతవరకూ. బయటి సంగతి ఇంకా కష్టం. మండవల్లి సెంటర్లో బస్సు ఆగిన చప్పుడు వినపడుతుంది. అది గుడివాడ పోయేదో, కైకలూరు వైపు పోయేదో, ఎక్స్‌ప్రెస్సో పల్లెవెలుగో చప్పుడు చెప్పదు. నుదుటి మీద బోర్డు రాత ఉంటుంది, అదీ కళ్లకే. ఒక బస్సు వెనక ఇంకోటి ఆగితే ముందున్నదాని తలుపు తడుముకునేలోగా వెనకది వెళ్లిపోతుంది. కాబట్టి తలుపు దగ్గర బయటికి తిరిగిన స్పీకరు ఒకటి ఉండి, ఆగగానే ఎక్కడికి పోయే బస్సో ఒక్కసారి చెప్పాలి.

గుడివాడ, ఏలూరు డిపోలు ఈ పనిని ఒక్కో రూటు తీసుకుని మొదలుపెట్టచ్చు. స్టాపుల జాబితా ఆఫీసులో కూర్చుని రాయకుండా, ఆ రూటులో ఏళ్లుగా తిరిగిన కండక్టర్లని కూర్చోబెట్టి రాయించాలి. రికార్డు చేశాక అందరికన్నా ముందు చూపు లేని ప్రయాణికులు నలుగురిని ఎక్కించి తిప్పాలి. శబ్దం చాలుతోందా, పేరు మరీ ముందు పలుకుతోందా, సీట్లోంచి లేచి తలుపు దాకా రావడానికి వ్యవధి ఉందా అని వాళ్లనే అడగాలి. వాళ్లు సరే అన్నాకే మిగతా బస్సులకి పెట్టాలి.